పెరట్లో బ్లాస్ట్ ఫర్నేస్

భిలాయ్ ఉక్కు కర్మాగారం యాజమాన్యానికి ఒక ఉచిత సలహా. ట్రైనింగు మీద పెట్టే ఖర్చు శుద్ధ దండగ. కొత్త యంత్రం వచ్చినప్పుడల్లా ఉద్యోగిని కూర్చోబెట్టి, జీతమిచ్చి మరీ పని నేర్పడం పాతకాలపు చాదస్తం. సెక్టార్ క్వార్టర్లకి పెరళ్లున్నాయి కదా. ప్రతి ఉద్యోగీ తన సొంత డబ్బుతో పెరట్లో ఒక బుల్లి బ్లాస్ట్ ఫర్నేస్ కట్టుకోవాలని సర్క్యులర్ ఇస్తే సరిపోతుంది. జామచెట్టు కొట్టేస్తే చోటు అదే దొరుకుతుంది. దల్లీ రాజహరా నుంచి నాలుగు గోనెల ఇనుపరాయి, నందిని నుంచి రెండు గోనెల సున్నపురాయి ఎవరికి వారే తెచ్చుకోవాలి. బీ షిఫ్టు దిగి రాత్రి పదిన్నరకి ఇల్లు చేరినవాడు నాలుగు మెతుకులు తిని, కొలిమి రాజేసి, ఒంటిగంట దాకా కరిగించి, వచ్చిన ఇనుము ముద్దల్ని పొద్దున్నే వాకిట్లో వరుసగా పేర్చాలి. దారినపోయే ఫోర్‌మన్ వాటిని లెక్కపెట్టుకుని ‘వీడికి ఉక్కంటే ప్రాణం’ అనుకోవాలి. ప్రమోషన్ ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న ఇలా ఉండాలి: “డ్యూటీలో ఏం చేశావో రికార్డుల్లో ఉంది. అది వదిలెయ్. ఇంట్లో ఎంత ఉక్కు తీశావు?”

నవ్వొస్తోందా? సాఫ్ట్‌వేర్‌లో ఇరవై పాతికేళ్లుగా నడుస్తున్న ఆచారమే ఇది. ఇందులో నేను కలిపింది కొలిమి ఒక్కటే. టెక్నాలజీ కంపెనీకి కావాలి, దాని మీద వచ్చే డాలర్లూ కంపెనీకే కావాలి, నేర్చుకునే రాత్రుళ్లు మాత్రం ఉద్యోగివి. సొమ్మొకడిది, సోకొకడిది.

నా సలహాకి పూర్వాచారం కూడా ఉందండోయ్. 1958లో చైనాలో మావో గారు ఉక్కు ఉత్పత్తి ఒక్క ఏడాదిలో రెట్టింపు చెయ్యాలన్నారు. అంతకుముందు ఏడాది 53.5 లక్షల టన్నులు, లక్ష్యం 1.07 కోట్ల టన్నులు. పెద్ద ఫర్నేసులు ఆ వేగానికి చాలవు గనక ఊరూరా, పెరటి పెరటికీ మట్టి కొలుములు లేచాయి. రైతులు, బడిపంతుళ్లు, ఆస్పత్రి డాక్టర్లు సైతం తమ పని అయ్యాక ఉక్కు తీయడానికి కూర్చున్నారు. ముడిరాయి దొరకనిచోట వంటింటి బాణళ్లు, తలుపు గడియలు, నాగటి కర్రులు కరిగించారు. కాగితం మీద లక్ష్యం దాటింది. అందులో లక్షల టన్నుల సరుకు సుత్తి దెబ్బకి పగిలిపోయే పెళుసు ఇనుము. ఇంట్లో ఉన్న బాణలి పోయింది, ఉక్కూ రాలేదు, కోసేవాళ్లు లేక చాలాచోట్ల పంట పొలంలోనే పాడైంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే భిలాయ్‌లో ఇంకో రకం పని నడుస్తోంది. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభించారు. ఆ నాలుగేళ్లలో కట్టింది ఒక్క ఫర్నేసునే అనుకుంటాం గానీ, దాన్ని నడిపే మనిషిని కూడా అప్పుడే తయారు చేశారు. ఇంజనీర్లని, ఆపరేటర్లని వందల లెక్కన సోవియట్ కర్మాగారాలకి పంపారు. ఆ చలిలో, ఆ భాషలో, దుబాసీ చెప్పింది సగం అర్థమై సగం కాక, అసలైన ఫర్నేసు పక్కన నిలబడి నేర్చుకున్నారు. అటునుంచి వందలాది రష్యన్ నిపుణులు కుటుంబాలతో సహా ఇక్కడికొచ్చి ఉన్నారు. మనవాళ్ల సంగతి చెప్పాలా? శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పక్క పల్లెల నుంచి రేకుపెట్టె పట్టుకుని రైలెక్కి వచ్చినవాళ్లు. చాలామంది అంతవరకు చూసిన నిప్పు ఊళ్లో కమ్మరి కొలిమిదే. “ఇదివరకు ఇంటి దగ్గర సరదాగా ఉక్కు తీసిన అనుభవముందా?” అని వాళ్లని ఎవరూ అడగలేదు. తెలియదని తెలిసే తీసుకున్నారు, తీసుకున్నారు కాబట్టి నేర్పారు. ఈవేళ సెక్టార్ 5 బాలాజీ గుడి దగ్గర ముత్యాల ముగ్గులు, సంక్రాంతి అరిసెలు ఉన్నాయంటే, ఆ నేర్పిన పని మీద నిలబడ్డ సంసారాలే కారణం.

అప్పుడు దేశానికి డబ్బు లేదు. ఇప్పుడు మన కంపెనీలకి అదొక్కటే ఉంది.

మరి ఉక్కు మనిషి పిల్లాడు సాఫ్ట్‌వేర్‌లోకి వస్తే ఏమవుతుంది? మా మావయ్య కోక్ ఓవెన్స్‌లో పనిచేసి రిటైరయ్యాడు. కొడుకు పుణెలో ఏదో కంపెనీ. ఆమధ్య పది రోజులు ఇంటి నుంచి పని చేసుకోవచ్చంటే భిలాయ్ వచ్చాడు. రెండో రాత్రి మావయ్య మంచినీళ్లకి లేచేసరికి ముందు గదిలో లైటు వెలుగుతోంది.

“ఏట్రా, రెండయింది. సీ షిఫ్టేటి నీకు?”

“కాదు నాన్నా, కుబర్నెటిస్ నేర్చుకుంటున్నాను.”

“ఆఫీసు పనేనా?”

“ఆఫీసు పనికే. వచ్చే ప్రాజెక్టులో అదుంటుంది. తెలీకపోతే తీసుకోరు.”

“మరి ఆఫీసులో నేర్పరా?”

“అక్కడ టైమెక్కడ నాన్నా? డెలివరీ ఉంది.”

మావయ్య కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. యూనియన్ మీటింగుల్లో అలవాటైన ముఖం పెట్టాడు. “అయితే దీనికి ఓటీ ఎంతిస్తారు?” వాడు నవ్వాడు. “టీఏ, డీఏ?” మళ్లీ నవ్వాడు. “పోనీ ఆ కోర్సుకి డబ్బు ఎవులు కట్టారు?”

“నేనే. నాలుగొందల తొంభైతొమ్మిది. సెయిల్‌లో వచ్చింది.”

మావయ్య ముఖం చేటంత అయింది. “మన సెయిల్ ఈ కోర్సులు కూడా ఇస్తోందేటి!”

అది స్టీల్ అథారిటీ కాదని, తగ్గింపు ధరల సేల్ అని చెప్పేసరికి ఆయనకి నీరసం వచ్చింది. ఆయన సర్వీసులో ఇలాంటివి చూడలేదు మరి. కంట్రోల్ రూమ్‌లో పాత మీటర్ల ప్యానెళ్లు తీసి కంప్యూటర్ తెరలు పెట్టినప్పుడు తమని బ్యాచీలు చేసి, డ్యూటీ లెక్కలోనే క్లాసులో కూర్చోబెట్టారట. “సగం మందిమి నిద్రోయేవాళ్లం. ఆ నిద్రకి కూడా జీతం ఒచ్చింది” అని ఆయన గర్వంగా చెప్పుకుంటాడు. ఆయన పనిచేసినన్నాళ్లూ నెత్తి మీద 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఉండేది. రోజుకి తొమ్మిది గంటలు, వారానికి 48 గంటలు దాటితే 59వ సెక్షన్ కింద రెట్టింపు కూలి ఇవ్వాల్సి వచ్చేది. అర్ధరాత్రి రెండింటికి కంపెనీకి అవసరమైన పని నేర్చుకుంటూ, దానికి తనే ఎదురు డబ్బు కట్టే మనిషి ఏ సెక్షన్ కిందికి వస్తాడో ఆయనకి ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఎదురు డబ్బు కట్టడంలో మన తెలుగువాళ్లకి పెద్ద చరిత్రే ఉంది. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల గోడ కనపడకుండా బ్యానర్లు. ఒకప్పుడు జావా, ఒరాకిల్, డాట్‌నెట్; ఆ తర్వాత టెస్టింగ్ టూల్స్, శాప్, హడూప్; ఇప్పుడు డెవాప్స్, జెన్ ఏఐ. తెల్లారి ఆరున్నర బ్యాచ్, రాత్రి ఎనిమిదిన్నర బ్యాచ్, వీకెండ్ బ్యాచ్. నిరుద్యోగులు వచ్చారంటే అర్థముంది. ఈ వేళల బ్యాచ్‌లు ఉద్యోగం ఉన్నవాళ్లకోసం పెట్టినవి. వేల కోట్ల లాభాలు చూపించే పరిశ్రమ తన శిక్షణ శాఖని అమీర్‌పేట మేడల మీదికి, ఇరుకు మెట్ల మీదికి, జెరాక్సు నోట్సులోకి తరలించేసింది. పైసా అద్దె కట్టకుండా. ఫీజు మాత్రం శిష్యుడిదే.

ఇంత చెప్పాక మేనేజర్లు గొంతు సవరించుకుంటారు. వాళ్ల దగ్గర మూడు వాదనలున్నాయి. మూడూ వినదగ్గవే, వినోదానికి.

మొదటిది: మా రంగం మరీ వేగంగా మారుతుంది, క్లాసులు పెట్టేలోపు పాతబడిపోతుంది. నిజమే. యాంగ్యులర్ అని ఒకటొచ్చింది. జనం రాత్రుళ్లు మేలుకుని నేర్చారు. 2016లో దానికి రెండో రూపం వచ్చింది, పాతదానికీ దీనికీ పేరు తప్ప చుట్టరికం లేదు. మళ్లీ మేలుకున్నారు. పాతదానికి 2021 డిసెంబర్ 31తో మద్దతు ఆపేశారు. ఫ్లాష్ అంతకు సరిగ్గా ఏడాది ముందే పోయింది. మంచిది. ఇంత త్వరగా పాతబడే సరుకు మీద పెట్టుబడి ఎవరు పెట్టాలి? తెలివైన వ్యాపారస్తుడు రిస్కు ఉన్నచోట ఎదుటివాడి డబ్బు పెట్టిస్తాడు. అక్కడ వాళ్ల తెలివిని నేను శంకించడం లేదు. దానికి ‘నిరంతర అభ్యాసం’ అని పేరు పెట్టి గోడకి తగిలించడమే కొంచెం ఎక్కువ.

రెండోది: నేర్పిస్తే వెళ్లిపోతారండీ. భిలాయ్‌లో పని నేర్చినవాళ్లు బొకారో వెళ్లారు, విశాఖ ఉక్కుకి వెళ్లారు, గల్ఫ్‌కీ వెళ్లారు. ఫర్నేసు చల్లారలేదు. అయినా, నేర్పిస్తే వెళ్లిపోతారని భయపడేవాడు, తనంతట తాను రాత్రి నేర్చుకున్నవాడు ఉండిపోతాడని ఎలా నమ్ముతాడో నాకు బోధపడదు. సొంత డబ్బుతో నేర్చుకున్నవాడికి మొహమాటం కూడా ఉండదు కదా!

మూడోది అసలైనది. ప్యాషన్. “నిజంగా ఇష్టమున్నవాడికి ఎవరూ నేర్పక్కర్లేదు, ఆదివారం పూట తనే కోడ్ రాసుకుంటాడు.” రాసుకునేవాళ్లున్నారు. నాకూ తెలుసు, వాళ్ల కళ్లలో వెలుగు చూస్తే ముచ్చటేస్తుంది. గొడవంతా ఆ ముచ్చటని అందరికీ షరతు చెయ్యడంతోనే. భిలాయ్ ఉక్కు కర్మాగారం తీజన్ బాయికి ఉద్యోగమిచ్చింది. పక్కనున్న గనియారీలో పుట్టిన మనిషి, తంబూరా పట్టుకుని మహాభారతం పండవానీగా పాడితే దేశదేశాలు విన్నాయి. 2019లో పద్మవిభూషణ్ వచ్చింది. ఇష్టమంటే అదీ. కానీ ఆవిడని చూపించి, రోలింగ్ మిల్లులో పనిచేసేవాళ్లంతా సాయంత్రాలు తంబూరా మీటకపోతే ఇంక్రిమెంట్ ఆపుతామని ఏ పర్సనల్ ఆఫీసరూ అనలేదు. సాఫ్ట్‌వేర్‌లో అంటున్నారు. ఇంటర్వ్యూలో గిట్‌హబ్ తెరిచి, ఏయే రోజుల్లో కోడ్ రాశాడో చూపే పచ్చగళ్లు లెక్కపెడతారు. శనివారం గడి ఖాళీగా ఉంటే మొహం అదోలా పెడతారు.

ఆ శనివారం ఎవరికి ఖాళీ ఉంటుందో ఎవరూ అడగరు. సాయంత్రం ఆరుకి లాగౌట్ అయిన మగాడికి ల్యాప్‌టాప్ పక్కన టీ వస్తుంది. అదే జీతం, అదే డిజిగ్నేషన్ ఉన్న ఆడమనిషికి కుక్కరు విజిల్, పిల్లాడి హోంవర్కు, అత్తగారి బీపీ మాత్ర, రేపటి దోసెల పిండి వస్తాయి. “సైడ్ ప్రాజెక్టులేమైనా చేస్తారా?” అని ఇంటర్వ్యూలో అడిగితే ఒకావిడ “రెండున్నాయి సార్. ఒకటి యూకేజీ, ఇంకోటి మూడో తరగతి” అందట. ఉద్యోగం రాలేదు. ప్యాషన్ సరిపోలేదు.

కంపెనీలు అసలేమీ నేర్పించవని అంటే నా మీద పరువు నష్టం దావా వేస్తారు. నేర్పిస్తాయి. లెర్నింగ్ పోర్టల్ ఉంటుంది. అందులో వేల వీడియోలుంటాయి. ఈ త్రైమాసికంలోగా ఇన్ని గంటలు పూర్తి చెయ్యాలని మెయిల్ వస్తుంది, మూడోసారి ఎర్రక్షరాలతో వస్తుంది. ప్రాజెక్టు గంటల్లో మాత్రం ముట్టుకోకూడదు. మావయ్య కొడుకు ఇది ఎలా పూర్తి చేస్తాడో పక్కన కూర్చుని చూశాను. తెర మూలన వీడియో, శబ్దం లేదు, వేగం రెట్టింపు. మధ్యలో అసలు పని. ‘నెక్స్ట్’ బటన్ వెలిగినప్పుడల్లా ఎడమచేత్తో ఒక నొక్కు. చివర పది ప్రశ్నల పరీక్ష. తప్పయితే మళ్లీ రాయొచ్చు గనక నాలుగో ప్రయత్నానికి నూటికి తొంభై. సర్టిఫికెట్ పుట్టింది. దాన్ని లింక్డిన్‌లో పెట్టాడు. వాడి మేనేజరు లైక్ కొట్టాడు, హెచ్‌ఆర్ ‘అభినందనలు’ అంది, కంపెనీ వార్షిక నివేదికలో ‘ఉద్యోగుల శిక్షణ గంటలు’ ఆ మేరకి పెరిగాయి. వాడికి ఏం వచ్చిందని అడక్కండి. చైనా వాళ్ల కాగితం మీద కూడా కోటి టన్నులు దాటింది.

ఈ కాగితం లెక్క ఎక్కడ తేలుతుందో 2025లో కొంచెం కనిపించింది. ఆ ఏడాది జూన్‌లో టీసీఎస్ ఒక నియమం తెచ్చింది: ఉద్యోగి ఏడాదికి కనీసం 225 రోజులు క్లయింటుకి బిల్లయ్యే పని మీద ఉండాలి, ప్రాజెక్టు లేక ఖాళీగా బెంచి మీద 35 రోజులకి మించకూడదు. జులైలో సుమారు 12 వేల మందిని, అంటే సిబ్బందిలో 2 శాతం మందిని తీసేస్తామని చెప్పింది. నైపుణ్యాలకీ అవసరాలకీ పొంతన కుదరకపోవడం ఒక కారణమంది. లక్షల మందికి ఏఐ మూలపాఠాలు నేర్పించామని కూడా అదే కంపెనీ చెప్పుకుంది. ఈ నాలుగు వాక్యాలూ ఒకదాని కింద ఒకటి పెట్టి చదవండి. బిల్లయ్యే రోజుల్లో నేర్చుకోవడానికి కుదరదు, బెంచి మీద నేర్చుకుందామంటే గడియారం తరుముతుంది, నేర్చుకోలేదంటే పొంతన కుదరదు. ఇక మిగిలింది రాత్రి. అందులోనూ కోత పడుతోంది. వారానికి 70 గంటలు పనిచెయ్యాలని 2023లో నారాయణమూర్తి గారు, 90 గంటలని 2025లో ఎల్ అండ్ టీ అధినేత సుబ్రహ్మణ్యన్ గారు సెలవిచ్చారు. 90 గంటలు పనిచేశాక కొత్తది ఎప్పుడు నేర్చుకోవాలో కూడా ఆ నోటితోనే చెబితే బాగుండేది.

ఆఫీసు గంటల్లో నేర్చుకుంటే కంపెనీ మునిగిపోతుందా? గూగుల్ స్థాపకులు 2004లో షేర్లు అమ్ముకునేటప్పుడు రాసిన లేఖలో, ఉద్యోగులు తమ పని సమయంలో ఐదో వంతు సొంత ఆలోచనల మీద పెట్టేలా ప్రోత్సహిస్తామని, గూగుల్ న్యూస్ అలా మొలిచిందేనని చెప్పుకున్నారు. మనవాళ్లు గూగుల్‌ని చూసి చాలా నేర్చారు. రంగురంగుల బీన్ బ్యాగులు, క్యారమ్ బోర్డు, ఉచిత కాఫీ మిషను. ఆ ఐదో వంతు ఒక్కటే కస్టమ్స్‌లో ఆగిపోయింది.

నా మీద ఒక ఆరోపణ రాకముందే చెబుతాను: భిలాయ్ స్వర్గమేమీ కాదు. పర్మనెంట్ ఉద్యోగికి క్లాసురూమ్, క్వార్టరు, సెక్టార్ 9 ఆస్పత్రి ఉన్నచోటే, అదే గేటులోంచి అదే దుమ్ములోకి వెళ్లే కాంట్రాక్టు కూలీకి ఇవేవీ లేవు. ఈ ఊళ్లో కోక్ ఓవెన్స్ కార్మికుడిగా మొదలై, దల్లీ రాజహరా గనుల్లో యూనియన్ కట్టిన శంకర్ గుహా నియోగి ఆ తేడా మీదే పోరాడాడు. యూనియన్ అంటే కార్మికుడి ఎనిమిది గంటల సంగతే చూస్తే చాలదు, ఇరవై నాలుగు గంటల బతుకూ చూడాలని ఆయన అనేవాడు. అందుకే ఆ కార్మికులు 1983లో సొంతంగా షహీద్ ఆస్పత్రి కట్టుకున్నారు, బళ్లు పెట్టుకున్నారు. 1991 సెప్టెంబర్ 28 తెల్లవారుజామున భిలాయ్‌లో ఇంట్లో నిద్రపోతున్న నియోగిని కాల్చి చంపారు. మరుసటి ఏడాది జులై 1న పవర్‌హౌస్ స్టేషన్ దగ్గర పట్టాల మీద కూర్చున్న కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఎక్కడ డ్యూటీ ముగుస్తుంది, ఎక్కడ మనిషి సొంత బతుకు మొదలవుతుంది అన్న గీతకి ఈ ఊళ్లో చెల్లించిన ధర అది. ఇరవై నాలుగు గంటల మాట సాఫ్ట్‌వేర్ కంపెనీలు కూడా పట్టుకున్నాయి, అవతలి కొసనుంచి.

ఈ కంపెనీల టైమ్‌షీట్ ఒకసారి చూడండి. సెలవుకి ఒక కోడు, పండక్కి ఒక కోడు, టీమ్ లంచ్‌కి ఒక కోడు. నెట్‌వర్క్ పడిపోయి గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటే దానికీ కోడుంది. నేర్చుకోవడానికి లేదు. మావయ్య కొడుకు ఓ శుక్రవారం ధైర్యం చేశాడు. మధ్యాహ్నం నాలుగు గంటలు ఆ కుబర్నెటిస్ పాఠం ఆఫీసు కుర్చీలోనే కూర్చుని పూర్తిచేసి, టైమ్‌షీట్‌లో ‘ఇతరములు’ కింద నాలుగు అని వేశాడు. సోమవారానికి వెనక్కొచ్చింది. ఏం చెయ్యమంటారని మేనేజర్ని అడిగితే “హాఫ్ డే లీవ్ పెట్టెయ్, సిస్టమ్‌లో క్లీన్‌గా ఉంటుంది” అన్నాడు. పెట్టాడు. తర్వాత పాఠాలకి కూడా అలాగే పెట్టాడు. ప్రాజెక్టు మారింది, ఆ నేర్చుకున్నదానితోనే పని నడిచింది, క్లయింటు మెచ్చుకున్నాడు. మార్చిలో అప్రైజల్ వచ్చింది. అందులో మేనేజరు రాసింది రెండే ముక్కలు: “కొత్త టెక్నాలజీ నేర్చుకోవడంలో మంచి చొరవ చూపాడు. సెలవులు కొంచెం తగ్గించుకోవాలి.”